పిల్లల మూత్రపిండం బయాప్సీ: ఏ సూది, ఏ కోణం?

ముఖం, కాళ్లు ఉబ్బి, మూత్రంలో ప్రొటీన్ విపరీతంగా పోతున్న (దీన్నే నెఫ్రోటిక్ సిండ్రోమ్ అంటారు) పిల్లవాడికి అసలు బయాప్సీ, అంటే మూత్రపిండం నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించడం, అవసరమా అన్నది ముందు తేల్చుకోవలసిన విషయం. ఎలా చేయాలన్నది ఆ తరవాతి మాట. 1967 నుంచి 1974 వరకు ఒక అంతర్జాతీయ వైద్య బృందం నెఫ్రోటిక్ సిండ్రోమ్ ఉన్న 521 మంది పిల్లలను బయాప్సీతో పరిశీలించింది. వారిలో నాలుగింట మూడు వంతుల మందికి పైగా ఉన్నది సాధారణ సూక్ష్మదర్శినిలో దాదాపు ఏ మార్పూ కనిపించని ‘మినిమల్ చేంజ్’ జబ్బేనని తేలింది. అలాంటి పిల్లల్లో నూటికి 93 మంది స్టెరాయిడ్లకు లొంగారు. అందుకే ఈనాడు మొదట మందు ఇచ్చి చూస్తారు. స్టెరాయిడ్లు పనిచేయనివారికి, ఏడాది నిండకముందే జబ్బు మొదలైనవారికి, లూపస్ (రోగనిరోధక శక్తి సొంత శరీరంపైనే తిరగబడే జబ్బు) ఉన్నవారికి, మూత్రపిండాల పనితీరు వేగంగా పడిపోతున్నవారికి ముఖ్యంగా సూది అవసరమవుతుంది.

ఈ పరీక్షకు దారి చూపినవారు కోపెన్‌హేగన్ వైద్యులు ఐవర్సన్, బ్రున్. వారు 1951లో ప్రచురించిన పద్ధతిలో రోగిని కూర్చోబెట్టి, వీపు వైపు నుంచి సూది దించి కణజాలాన్ని పీల్చి తీసేవారు. 1954లో షికాగోలో కార్క్, మ్యూర్కీ రోగిని బోర్లా పడుకోబెట్టి, ముక్కను కోసి పట్టుకునే సూదిని వాడి, 50 మందిలో 48 మంది నుంచి పనికివచ్చే నమూనా సంపాదించారు. అప్పటికి అల్ట్రాసౌండ్ లేదు. మూత్రపిండం ఎక్కడుందో ఎక్స్-రే చూసి అంచనా వేసి, ముందుగా ఒక సన్నని సూదిని దించేవారు. దాని మొన మూత్రపిండాన్ని చేరితే, వెలుపలి కొస ఊపిరితో పాటు అటూ ఇటూ ఊగేది. పరికరాలు లేని కాలపు ఆ ఉపాయం నాకు ఇప్పటికీ ముచ్చటగానే అనిపిస్తుంది.

ఆ ఊగడమే పిల్లల విషయంలో పెద్ద చిక్కు. మూత్రపిండం ఉదరవితానంతో (ఊపిరితిత్తుల కింద ఉండే కండరపు పొరతో) పాటు పైకీ కిందికీ కదులుతుంది. పెద్దవారికి ‘ఊపిరి బిగబట్టండి’ అని చెప్పవచ్చు గాని, మూడేళ్ల పాప చేత ఆ పని చేయించలేం. ముందుగా స్కాన్ చేసి చర్మంపై గుర్తు పెట్టి, ఆ తరవాత స్కాన్ లేకుండా సూది దించే పాత పద్ధతికి ఇక్కడే పరిమితి ఏర్పడుతుంది: గుర్తు పెట్టిన క్షణానికీ సూది దిగిన క్షణానికీ మధ్య అవయవం జరిగిపోతుంది. సూది పోతున్నంతసేపూ తెరపై చూస్తూ చేసే పద్ధతిలో సూది తెల్లని గీతలా కనిపిస్తుంది కనుక, ఏ భాగంలో దిగుతున్నదో, పెద్ద రక్తనాళాలకు ఎంత దూరంలో ఉందో వైద్యుడికి తెలుస్తుంది. చిన్న పిల్లలకు మత్తుమందుతో నిద్ర పుచ్చి గాని, పూర్తి అనస్థీషియా ఇచ్చి గాని చేస్తారు. రెండో పద్ధతిలో, అవసరమైతే మత్తు వైద్యుడు కొన్ని సెకన్ల పాటు శ్వాసను ఆపి ఉంచగలడు.

ఇక సూది సంగతి. గేజ్ సంఖ్య పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది: 16 గేజ్ సూది వెలుపలి వ్యాసం సుమారు 1.65 మిల్లీమీటర్లు, 18 గేజ్‌ది సుమారు 1.27. తేడా అర మిల్లీమీటరైనా లేదు. కాని సన్నని ముక్కలో రక్తాన్ని వడకట్టే కేశనాళికా గుచ్ఛాలు తక్కువ పడతాయి, చిక్కిన వాటిలోనూ కొన్ని అంచున తెగిపోతాయి. అయితే పిల్లలకు ఒక వెసులుబాటు ఉంది. నెలలు నిండి పుట్టిన శిశువుకు నెఫ్రాన్లన్నీ (ఒక్కో గుచ్ఛంతో మొదలయ్యే వడపోత గొట్టాలు) పుట్టుకకు ముందే ఏర్పడిపోతాయి, తరవాత కొత్తవి పుట్టవు. ఐదు సెంటీమీటర్లు కూడా మించని ఆ మూత్రపిండంలోనే, పెరిగి పెద్దయ్యాక ఉండబోయే గుచ్ఛాలన్నీ చిన్నవిగా, దగ్గర దగ్గరగా ఉంటాయి. కనుక పసిపిల్లల్లో 18 గేజ్ ముక్కలో కూడా తగినన్ని గుచ్ఛాలు దొరికే అవకాశం ఎక్కువ. పెద్ద పిల్లల్లో మాత్రం సన్నని సూదిని ఎంచుకుని మూడు నాలుగు సార్లు గుచ్చే బదులు, 16 గేజ్‌తో ఒకటి రెండు సార్లలో పని ముగించడమే మేలని నా అభిప్రాయం. ప్రతి గుచ్చూ రక్తస్రావానికి మరో అవకాశమే కదా. తీసిన ముక్కను అక్కడికక్కడే సూక్ష్మదర్శిని కింద పెట్టి గుచ్ఛాలు ఉన్నాయో లేదో చూసే వీలుంటే అనవసరపు గుచ్చులు తగ్గుతాయి.

ఎన్ని గుచ్ఛాలు కావాలన్నది జబ్బును బట్టి మారుతుంది. మూత్రపిండమంతటా ఒకే తీరుగా వ్యాపించే జబ్బుకు కొన్ని చాలు. కాని ఎఫ్ఎస్‌జీఎస్ (ఫోకల్ సెగ్మెంటల్ గ్లొమెరులోస్క్లెరోసిస్) అనే జబ్బు కొన్ని గుచ్ఛాలనే గట్టిపరచి మిగిలిన వాటిని వదిలేస్తుంది. పదింట ఒకటి దెబ్బతిన్నదనుకుంటే, 10 గుచ్ఛాలున్న ముక్కలో దెబ్బతిన్నది ఒక్కటి కూడా పడకుండా పోయే సంభావ్యత సుమారు 35 శాతం. 20 ఉంటే అది 12 శాతానికి దిగుతుంది. అంటే ముక్క చిన్నదైతే ఎఫ్ఎస్‌జీఎస్‌ను మినిమల్ చేంజ్‌గా పొరబడే ప్రమాదం ఉంది.

పైగా ఈ గట్టిపడటం ఎక్కువగా వెలుపలి వల్కలమూ లోపలి దవ్వా కలిసే చోట మొదలవుతుంది. మూత్రపిండంలో కాస్త పెద్ద ధమనులు విల్లులా వంగి సాగేదీ అక్కడే. కావలసిన కణజాలం, తాకకూడని నాళాలు పక్కపక్కనే ఉన్నాయన్నమాట. సూది గేజ్ గురించి జరిగే చర్చలో సగమైనా కోణం గురించి జరగదు గాని, నా దృష్టిలో అసలు నేర్పు అందులోనే ఉంది. ఈనాడు సూదిని స్ప్రింగుతో తోసే పరికరం (గన్) మీట నొక్కగానే సూది తరచు రెండు సెంటీమీటర్ల మేర ముందుకు దూకుతుంది. పిల్లల వల్కలం మందం అందులో సగం కూడా ఉండదు. నిట్టనిలువుగా గుచ్చితే ముక్కలో ఎక్కువ భాగం గుచ్ఛాలే లేని దవ్వ అవుతుంది. మూత్రపిండపు కింది కొసన వల్కలం వెంబడి ఏటవాలుగా పోనిస్తే గుచ్ఛాలు దండిగా దొరుకుతాయి, పెద్ద నాళాలూ తప్పుతాయి. తక్కువ దూరం దూకే గన్‌లు కూడా ఉన్నాయి. పసివాళ్లకు అవే తగినవి.

సూది మార్గం కుదరనప్పుడు చిన్న కోతతో, లేదా లాపరోస్కోప్‌తో నేరుగా చూస్తూ ముక్క తీస్తారు. రక్తం గడ్డకట్టడంలో లోపం ఉన్నవారికి మెడ సిర గుండా మూత్రపిండ సిరలోకి దిగి తీసే పద్ధతి ఉంది గాని, పిల్లల్లో అది అరుదు. మార్పిడి చేసిన మూత్రపిండం పొత్తికడుపులో ముందువైపే ఉంటుంది కనుక వెల్లకిలా పడుకోబెట్టి తీయవచ్చు.

ఇన్ని పద్ధతుల్లో ఏది సురక్షితమో పోల్చడం కనిపించినంత తేలిక కాదు. బయాప్సీ తరవాత అందరికీ స్కాన్ చేసే ఆసుపత్రిలో మూత్రపిండం చుట్టూ చిన్న రక్తపు గడ్డలు చాలామందికి కనిపిస్తాయి. నొప్పి ఉంటేనే స్కాన్ చేసే చోట అవే గడ్డలు లెక్కలోకి రావు. రెండో ఆసుపత్రి మెరుగైనదని దీన్ని బట్టి అనలేం. అందుకే రక్తం ఎక్కించవలసి వచ్చిందా, రక్తస్రావం ఆపడానికి మరో ప్రక్రియ అవసరమైందా అన్నవే నమ్మదగిన కొలమానాలు. పిల్లల్లో అలాంటివి చాలా అరుదు. చిక్కులు వస్తే చాలావరకు మొదటి 24 గంటల్లోనే బయటపడతాయి కనుక, ఆ వ్యవధిలో పిల్లవాడిని పడుకోబెట్టి, రక్తపోటు, మూత్రం రంగు కనిపెట్టి చూస్తారు. ఇంటికి పంపాక కూడా కొద్ది రోజుల పాటు గెంతులు, ఆటలు వద్దని చెబుతారు.