జలుబు బిళ్లతో నిద్రా? అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో మాది మెడికల్ షాపు. రాత్రి షట్టర్ దించబోయే వేళకి ఒకరైనా వస్తారు. "సామీ, నిద్ర పట్టడం లేదు. ఆ జలుబు బిళ్లలు ఒక షీటు ఇయ్యి. నిద్రమాత్ర వద్దులే, అలవాటైపోతుంది." జలుబు బిళ్ల మెదడు జోలికి పోదని వాళ్ల నమ్మకం.

మెదడు జోలికి పోనిది నిద్రెలా తెప్పిస్తుంది?

ఒంట్లో తయారయ్యే హిస్టమిన్ అనే రసాయనం పేరెత్తగానే దురద, దద్దుర్లు, తుమ్ములే గుర్తొస్తాయి. మెదడులో దాని పని వేరు, మనల్ని మేలుకొని ఉంచడం. మెదడు అడుగున ఉండే హైపోథాలమస్ వెనక భాగంలో ఓ చిన్న కణాల గుంపు దాన్ని తయారుచేసి మెదడంతటికీ పంపుతుంది. మెలకువలో ఆ కణాలు చురుగ్గా ఉంటాయి, నిద్రలో ఊరుకుంటాయి. జలుబు, అలర్జీ బిళ్లల్లో ఉండే క్లోర్‌ఫెనిరమైన్, ఫెనిరమైన్ లాంటి పాతతరం మందులు మెదడులోకి దూరి, ఆ కబురందుకునే హెచ్1 రిసెప్టార్లను మూసేస్తాయి. అందుకే మత్తు. వరుసగా కొన్నాళ్లు వేసుకుంటే ఆ మత్తూ తగ్గుతుంది, అప్పుడు ఒక బిళ్ల రెండవుతుంది.

పెద్దవాళ్లకైతే ఇది మరీ ప్రమాదం. ఈ మందులు నరాల కబుర్లు మోసే ఎసిటైల్‌కోలిన్ అనే మరో రసాయనాన్నీ అడ్డుకుంటాయి. నోరెండిపోతుంది, మలబద్ధకం వస్తుంది, మూత్రం బిగుస్తుంది, మనసు తికమకపడుతుంది. మా నాయనకి ప్రోస్టేట్ సమస్య ఉందని తెలిసీ నేనే ఇచ్చాను. మూడో రాత్రి మూత్రం ఆగిపోయింది. ఎప్పుడో పోయిన మా పెద్దనాయనను పిలుస్తూ వాకిట్లోకి నడిచాడు. గొట్టం వేసిన డాక్టరు "ఏం మందులు వాడారు?" అంటే నాకు నోరు పెగల్లేదు.

మిగతావి చకచకా చెప్పేస్తాను. అలర్జీకి వాడే కొత్తతరం మందు సెట్రిజిన్‌తో మత్తే రాదనడం తప్పు, కొందరికి వస్తుంది. ఘాట్ రోడ్డెక్కే డ్రైవర్లు డాక్టరుకి తమ పని చెప్పి మందు రాయించుకోవాలి. అదే తరం ఫెక్సోఫెనడిన్ లాంటివి మెదడులోకి దాదాపు పోవు. వంకాయ తింటే హిస్టమిన్ తలకెక్కుతుందన్నది ఉత్త పుకారు. తిండిలోని హిస్టమిన్ మెదడులోకి దాటదు, మెదడు తనకు కావలసింది హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం నుంచి చేసుకుంటుంది. ప్రయాణంలో పడుకుంటారని పిల్లలకు జలుబు సిరప్ తాగించేవాళ్లను చూస్తే మాత్రం నాకు కోపం ఆగదు. క్లోర్‌ఫెనిరమైన్, ముక్కుదిబ్బడకి వాడే ఫినైలెఫ్రిన్ కలిపిన మందును నాలుగేళ్లలోపు పిల్లలకు వాడొద్దని సీసా మీద రాయాలని 2023లోనే ఆదేశాలొచ్చాయి.

ఒకటి రెండు రాత్రులు వేసుకున్నామని టెన్షన్ పడకండి. దురదకి డాక్టరు రాసిచ్చింది సొంతంగా మానకండి. వారాల తరబడి నిద్ర లేకపోతే మా కౌంటరు దగ్గరకు కాదు, డాక్టరు దగ్గరకు వెళ్లండి.

నాయనకి సాయంత్రం ఆరింటి కాఫీ మాన్పించాం. నిద్ర కాస్త మేలు. ఆ కాఫీ కోసం మాత్రం ఇంట్లో రోజూ గొడవే.