రక్తపింజరి కాటు వెనక రెండు శతాబ్దాల పరిశోధన

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో తొలకరి నుంచి వరి కోతలయ్యే దాకా పొలం పనికి వెళ్లేవాళ్లకు రక్తపింజరి భయం తప్పదు. గట్టు మీది గడ్డిలోనో, కుప్ప కిందో చుట్ట చుట్టుకుని పడుకునే ఈ పాము మనిషి దగ్గరికొచ్చినా చాలాసార్లు పక్కకు పోదు. కాటు ఎక్కువగా పాదానికో, పిక్కకో పడుతుంది.

ఈ పాము మీద శాస్త్రీయ పరిశీలనకు మన తీరం పాత చిరునామా. స్కాట్లండ్ వైద్యుడు పాట్రిక్ రస్సెల్ 1781లో విశాఖపట్నం వచ్చాడు. తర్వాత ఈస్టిండియా కంపెనీకి ప్రకృతి శాస్త్రవేత్తగా పనిచేశాడు. పాములను తెప్పించుకుని, కుక్కలకు, కోళ్లకు కాటు వేయించి, ఏం జరుగుతోందో రాసుకున్నాడు. అప్పట్లో విరుగుడుగా పేరున్న, పాషాణం కలిపిన తంజావూరు మాత్రలను కూడా పరీక్షించాడు. 1796లో వెలువడిన అతని పుస్తకంలో ఈ పాము ‘కాటుక రేకుల పొడ’ అన్న మన పేరుతోనే ఉంది. పాముకు ఆ తర్వాత రస్సెల్ పేరు స్థిరపడింది. వాటిని పట్టి తెచ్చిన మనవాళ్ల పేర్లు మాత్రం లోకంలో నిలవలేదు. అది నాకు అన్యాయంగానే తోస్తుంది.

తర్వాతి పెద్ద అడుగు 1890లలో పడింది. ఫ్రెంచి వైద్యుడు ఆల్బర్ట్ కాల్మెట్ నాగుపాము విషానికి విరుగుడుగా సీరం తయారుచేసి, అది మిగతా పాములకూ పనికొస్తుందని నమ్మాడు. రక్తపింజరి విషం దానికి లొంగలేదు. భారత్‌లో వైద్యుడు జార్జ్ ల్యాంబ్ చేసిన పరిశోధన ఈ సంగతిని తేల్చింది. నాగుపాము విషం ముఖ్యంగా నరాల మీద పనిచేసి ఊపిరి ఆపుతుంది. రక్తపింజరిది వేరే దారి. రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే పదో కారకాన్ని, ఐదో కారకాన్ని అది ఒక్కసారిగా రెచ్చగొడుతుంది. ఒంట్లో ఎక్కడపడితే అక్కడ సన్నని గడ్డలు కడతాయి, అందుకు కావలసిన ప్రొటీన్లు హరించుకుపోతాయి. ఇక ఆ తర్వాత రక్తం గడ్డకట్టదు. చిగుళ్ల నుంచి, మూత్రంలో రక్తం పోతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి. ప్రాణం దక్కినా డయాలసిస్ దాకా వెళ్లేవాళ్లున్నారు.

ఇదే గుణం వైద్యానికీ ఉపయోగపడింది. 1934లో లండన్‌లో మాక్‌ఫర్లేన్, బార్నెట్ అనే ఇద్దరు పరిశోధకులు, రక్తం సరిగా గడ్డకట్టని హీమోఫీలియా రోగుల గాయాల మీద పలుచన చేసిన ఈ విషాన్ని పూసి రక్తస్రావం ఆపవచ్చని చూపించారు. రోగనిరోధక శక్తి సొంత ఒంటినే దెబ్బతీసే లూపస్ జబ్బు‌కు సంబంధించిన ఒక రక్తపరీక్షలో ల్యాబులు నేటికీ దీన్ని వాడుతున్నాయి.

కాటు పడ్డవాళ్లకు అక్కరకొచ్చే పరీక్ష అంతకన్నా సులువైనది. శుభ్రమైన పొడి గాజు గొట్టంలో కాస్త రక్తం తీసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, వంచి చూస్తారు. నీళ్లలా పారితే విషం రక్తంలో పనిచేస్తున్నట్టే. పీహెచ్‌సీలోనూ చేయొచ్చు. ప్లాస్టిక్ గొట్టం వాడినా, సబ్బుతో కడిగిన గొట్టం వాడినా ఫలితం తప్పొస్తుంది.

మన ఆసుపత్రుల్లో ఇచ్చే విరుగుడు మందు యాంటీవీనమ్‌ను గుర్రాలకు విషం కొద్దికొద్దిగా ఎక్కించి తయారుచేస్తారు. అది నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి విషాలకు పనిచేస్తుంది. కావలసిన విషంలో అధిక భాగం తమిళనాడులో 1978లో ఏర్పడిన ఇరుల తెగ పాములవాళ్ల సహకార సంఘం నుంచి వస్తుంది. ఒకే జాతి పాము విషం కూడా ప్రాంతాన్ని బట్టి మారుతుందని, విరుగుడు బలం అన్నిచోట్లా ఒకేలా ఉండదని బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ ఐఐఎస్‌సీ పరిశోధకులు చూపించారు. రస్సెల్ తిరిగిన ఈ తీరపు పాముల విషాన్ని కూడా విడిగా సేకరించి, మందును దానితో పరీక్షించాలని అడగడం అందుకే సబబు.

2000 నుంచి 2019 వరకు దేశంలో పాము కాటుకు దాదాపు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. ఎక్కువ నష్టపోయిన రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. చాలామంది ఆసుపత్రికి చేరకుండానే పోయారు. మంత్రం, పసరు, బిగించిన కట్టు అంటూ గడిపిన ప్రతి గంటా కిడ్నీల మీద పడుతుంది. కేంద్రం 2024 మార్చిలో జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. ప్రతి కాటునూ తప్పనిసరిగా నమోదు చేయాలని అదే ఏడాది నవంబర్‌లో రాష్ట్రాలను కోరింది. ఆ నమోదులో కరిచిన పాము ఏదో, కాటు పడ్డాక ఎన్ని గంటలకు మొదటి డోసు అందిందో కూడా రాస్తే, మందు ముందుగా ఏ మండలానికి చేరాలో తెలుస్తుంది.