తొలి కాన్పు ఆపరేషన్ అయితే: ఒక మాట వెనుక నూరేళ్ల కథ

"మొదటిది ఆపరేషన్ కదా, రెండోదీ ఆపరేషనే." తెలుగు ఇళ్లలో ఈ మాటను ఎవరూ అభిప్రాయంగా చెప్పరు. పొద్దు తూర్పున పొడుస్తుందన్నంత మామూలుగా చెబుతారు. ఏడో నెల దాటకుండానే తేదీ గురించి మాటలు మొదలవుతాయి. తొమ్మిదో నెల వచ్చేసరికి పంచాంగం చూసే ఆయన కూడా చర్చలో చేరతాడు. మొదటిసారి కోత ఎందుకు పడింది, గర్భసంచి మీద ఎక్కడ పడింది అన్న ప్రశ్న మాత్రం ఎవరి నోటా రాదు.

ఈ మాట మన పెద్దలు కట్టింది కాదు. దాని పుట్టుక న్యూయార్క్‌లో. 1916లో ఎడ్విన్ క్రేగిన్ అనే ప్రసూతి వైద్యుడు తోటి వైద్యుల సభలో ప్రసంగిస్తూ, ఒకసారి సిజేరియన్ అయితే ఎప్పటికీ సిజేరియనే అన్న నియమాన్ని ప్రస్తావించారు. గర్భసంచిని ఎంత జాగ్రత్తగా కుట్టినా ఆ మచ్చ మరో కాన్పు నొప్పులకు తట్టుకుంటుందన్న భరోసా లేదన్నది ఆయన వాదన. అయితే ఆయన హెచ్చరిక మొదటి ఆపరేషన్ గురించి. తొందరపడి కోత పెట్టకండి, దాని భారం ఆ స్త్రీ ఆ తర్వాతి కాన్పులన్నిటా మోయాలి అని చెప్పడానికి ఆ వాక్యం వాడారు. మినహాయింపులు చాలా ఉన్నాయనీ, తన దగ్గరకు వచ్చిన ఒక స్త్రీ సిజేరియన్ తర్వాత ముగ్గురు పిల్లలను మామూలుగానే కన్నదనీ అక్కడే చెప్పారు. జనం వాక్యాన్ని గుర్తుంచుకున్నారు, ఆ ముగ్గురు పిల్లల తల్లిని మరిచిపోయారు. మొదటి కోతను ఆపడానికి అన్న మాట రెండో కోతకు అనుమతి పత్రమైంది.

క్రేగిన్ భయం ఊరికే వచ్చింది కాదు. ఆయన తరానికి ముందు సిజేరియన్ అంటే దాదాపు చావే. గర్భసంచిని కోసి బిడ్డను తీశాక కుట్టకుండా వదిలేసేవారు. అది తనంతట తాను ముడుచుకుని మూసుకుంటుందని నమ్మకం. రక్తం పోయో, చీము పట్టో తల్లి చనిపోయేది. 1876లో ఇటలీలోని పావియాలో ఎడ్వర్డో పోర్రో దీనికి ఒక క్రూరమైన పరిష్కారం కనుక్కున్నారు. బిడ్డను తీశాక గర్భసంచినే తీసేశారు. తల్లి బతికింది. కాకపోతే ఆ పద్ధతిలో రెండో కాన్పు అన్న ప్రశ్నే ఉండదు. 1882లో జర్మనీలో మాక్స్ జేంగర్ గర్భసంచిని వెండి తీగతో, పట్టుదారంతో పొరలుగా కుట్టే పద్ధతిని వివరించాకే, సిజేరియన్ అయిన స్త్రీ మళ్లీ గర్భం దాల్చే అవకాశం వచ్చింది. రెండో కాన్పు గురించిన ఈ తర్జనభర్జన అంతా ఆ కుట్లతోనే మొదలైందనుకోవాలి.

ఆనాటి కోత నిలువుగా, గర్భసంచి పైభాగంలో పడేది. నొప్పుల సమయంలో గట్టిగా ముడుచుకునే కండరం ఉండేది సరిగ్గా అక్కడే. మచ్చ మీద ప్రతి నొప్పికీ లాగుడు పడుతుంది. అలాంటి మచ్చ చిట్లే ప్రమాదం నూటికి 4 నుంచి 9 దాకా ఉంటుందని నేటి లెక్క. దీనికి తోడు, ఆ రోజుల్లో సిజేరియన్ చేయించుకున్న స్త్రీలలో చాలామందికి రికెట్స్ వల్ల కటి ఎముకలు వంకరపోయి ఉండేవి. పొగ కమ్మిన గ్లాస్గో మురికివాడల్లో ఎండ తగలక, సరైన తిండి లేక పెరిగిన ఆడపిల్లలు పెద్దయ్యాక బిడ్డను కనలేకపోయేవారు. 1888లో అక్కడ మర్డోక్ కామెరాన్ అలాంటి స్త్రీలకే సిజేరియన్లు చేసి పేరు తెచ్చుకున్నారు. వంకరపోయిన ఎముక రెండో కాన్పు నాటికి తిన్నగా అవదు. కాబట్టి వాళ్ల విషయంలో రెండోదీ ఆపరేషనే కావడం న్యాయమే.

బిడ్డ కాళ్లు కిందికి ఉన్నాయనో, గుండె వేగం తగ్గిందనో మొదటిసారి ఆపరేషన్ చేస్తే సంగతి వేరు. ఆ కారణం ఆ కాన్పుతోనే పోతుంది. మన ఇళ్లలో ఈ తేడా గురించి మాట్లాడేవారు తక్కువ.

అదే గ్లాస్గోలో 1920లలో మన్రో కెర్ కోత చోటు మార్చారు. గర్భసంచి కిందిభాగంలో, మూత్రాశయం వెనకగా, అడ్డంగా కోయడం మొదలుపెట్టారు. జర్మనీలో ఫెర్డినాండ్ కేరర్ 1881లోనే ఇలాంటి అడ్డకోత చేసినా అప్పట్లో అది వ్యాపించలేదు. నొప్పులప్పుడు పైభాగం ముడుచుకుంటుంటే కిందిభాగం నెమ్మదిగా సాగుతుంది, అందుకే అక్కడి మచ్చ మీద ఒత్తిడి తక్కువ. ఇలాంటి మచ్చతో నొప్పులు తెచ్చుకున్నప్పుడు గర్భసంచి చిట్లే ప్రమాదం సుమారు 200 మందిలో ఒకరికి. క్రేగిన్ మాట పుట్టిన పదేళ్లకే దాని పునాది కదిలిందన్నమాట. అయినా అమెరికాలో ఆ మాట మరో యాభై ఏళ్లు వేదవాక్యంగా నడిచింది. యూరప్‌లో చాలాచోట్ల మాత్రం సిజేరియన్ అయినవారిని మామూలు కాన్పుకు ప్రయత్నించనివ్వడం వాడుకలోకి వచ్చింది. ఈనాటికీ ఫిన్లాండ్, స్వీడన్, నెదర్లాండ్స్‌లలో పాత సిజేరియన్ ఉన్నవారిలో దాదాపు సగం మంది మామూలుగానే కంటున్నారు.

అమెరికా కథ ఊయల లాంటిది. 1970లో అక్కడ నూటికి ఐదున్నర కాన్పులు సిజేరియన్లయితే, 1980 నాటికి అవి పదహారున్నరకు చేరాయి. ఉలిక్కిపడిన జాతీయ ఆరోగ్య సంస్థలు ఆ ఏడాదే నిపుణుల సమావేశం పెట్టి, కిందిభాగంలో అడ్డకోత ఉన్నవారు మామూలు కాన్పుకు ప్రయత్నించవచ్చని తేల్చాయి. అప్పటికి పాత సిజేరియన్ ఉన్నవారిలో నూటికి మూడుగా ఉన్న మామూలు కాన్పులు 1996 నాటికి 28 దాటాయి. ఇక్కడే గాడి తప్పింది. ఖర్చు తగ్గుతుందని బీమా సంస్థలు ఈ పద్ధతి మీద మోజు పడ్డాయి. కొన్ని పథకాల్లో స్త్రీ ఇష్టంతో పనిలేకుండా ముందు నొప్పులు పడి తీరాలనే దాకా వెళ్లింది. నొప్పులు త్వరగా రావడానికి మందులు ధారాళంగా వాడారు. గర్భసంచులు చిట్లిన కేసులు, కోర్టు దావాలు పెరిగాయి.

1999లో అమెరికన్ ప్రసూతి వైద్యుల సంఘం తన మార్గదర్శకాల్లో ఒకే ఒక్క మాట మార్చింది. అత్యవసర ఆపరేషన్ చేయగల వైద్యులు 'వెంటనే అందుబాటులో' ఉన్నచోటే ఈ ప్రయత్నం జరగాలంది. చిన్న ఊళ్ల ఆసుపత్రుల్లో మత్తు డాక్టరు రాత్రంతా ఉండడు. వాళ్లు తలుపులు మూసేశారు. 2001లో వాషింగ్టన్ రాష్ట్రపు లెక్కలతో వచ్చిన అధ్యయనం మిగిలిన ధైర్యాన్నీ తీసేసింది. నొప్పులు వాటంతట అవే వచ్చినప్పుడు గర్భసంచి చిట్లినవారు వెయ్యికి ఐదుగురైతే, ప్రోస్టాగ్లాండిన్ మందులతో నొప్పులు తెప్పించినప్పుడు 24 మందికి పైగా ఉన్నారు. ఆ అధ్యయనం అసలు చెప్పింది మందుల జోలికి పోవద్దని. పత్రికలు మాత్రం పద్ధతే ప్రమాదమని రాశాయి. కొన్నేళ్లలోనే 28 కాస్తా పది లోపుకు పడిపోయింది.

2010లో మళ్లీ సమావేశం జరిగింది. ఈసారి బయటపెట్టిన అంకెలు నిజాయితీగా ఉన్నాయి, అందుకే ఇబ్బంది పెడతాయి. నొప్పులకు ప్రయత్నించినవారిలో తల్లి మరణాలు లక్షకు సుమారు 4, ముందే తేదీ పెట్టి మళ్లీ ఆపరేషన్ చేయించుకున్నవారిలో సుమారు 13. బిడ్డల మరణాలు చూస్తే లెక్క తిరగబడింది. ప్రయత్నించినవారిలో వెయ్యికి 1.3, ఆపరేషన్ చేయించుకున్నవారిలో 0.5. రెండు దారుల్లోనూ ప్రమాదం చిన్నదే. ఒక దారిలో అది తల్లి వైపు కొంచెం ఎక్కువ మొగ్గుతుంది, మరో దారిలో బిడ్డ వైపు. ఈ తూకాన్ని డాక్టరు చూపించగలరు కానీ ఆమె తరఫున తూచలేరు. "ఏది సేఫ్ డాక్టర్‌గారూ?" అన్న ప్రశ్నకు ఒక్కమాటలో జవాబు రానిది అందుకే.

నొప్పులకు ప్రయత్నించినవారిలో నూటికి డెబ్బై అయిదుగురు దాకా మామూలుగా కంటారు. సిజేరియన్‌కు ముందో వెనకో ఒక మామూలు కాన్పు అయి ఉంటే ఆ సంఖ్య 85 దాటుతుంది. ఎవరికి వారు తమ అవకాశం లెక్కించుకునే సూత్రం ఒకటి 2007లో అమెరికాలో తయారైంది. అందులో వయసు, బరువుతో పాటు జాతి కూడా ఒక అంశం. నల్లజాతి స్త్రీ అయితే అవకాశం తక్కువ చూపించేది, దాంతో ఆమెను ప్రయత్నించనివ్వడమూ తగ్గేది. విమర్శల తర్వాత 2021లో కొత్త సూత్రంలోంచి జాతిని తీసేశారు. శరీరధర్మమనుకున్నది పక్షపాతమని తేలడానికి పద్నాలుగేళ్లు పట్టింది.

ఇక మన సంగతి. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2019-21లో దేశంలో నూటికి 21.5 కాన్పులు సిజేరియన్లు. ఆంధ్రప్రదేశ్‌లో 42.4. తెలంగాణలో 60.7, దేశంలోనే అత్యధికం. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రులను విడిగా తీస్తే 81.5. ఇంతమందికి తొలి కాన్పులోనే కోత పడితే, రెండో కాన్పుకు వచ్చేవారిలో ఎక్కువమంది మచ్చతోనే వస్తారు. సిజేరియన్లను విశ్లేషించడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన రాబ్సన్ వర్గీకరణలో ఐదో గుంపు వీళ్లదే. చాలా ఆసుపత్రుల్లో సిజేరియన్ల లెక్కలో పెద్ద వాటా ఈ గుంపుది.

మన దగ్గర రెండో ఆపరేషన్‌కు మొగ్గడం వెనుక ముహూర్తాల పిచ్చి ఒక్కటే ఉందనుకోవడం సులువు, పత్రికలకు ఇష్టం కూడా. అంతకన్నా బలమైన కారణం కుటుంబ నియంత్రణ. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లైన స్త్రీలలో నూటికి దాదాపు 70 మంది, తెలంగాణలో 60 మందికి పైగా పిల్లల ఆపరేషన్ చేయించుకున్నవారే. ఇద్దరు చాలనుకునే ఇంట్లో రెండో కాన్పు ఎలాగూ ఆపరేషన్ అయితే, పొట్ట తెరిచినప్పుడే ట్యూబులు కూడా కట్టేయవచ్చు. ఒక కోత, ఒక విశ్రాంతి, రెండు పనులు. ఈ లెక్కలో తెలివి ఉంది. అమెరికా చర్చలో రెండో కోతకు వ్యతిరేకంగా అన్నిటికన్నా పెద్ద వాదం మూడో, నాలుగో కాన్పు గురించినది. మాయ కిందికి దిగిన గర్భిణుల్లో అది పాత మచ్చలోకి వేళ్లు దించుకుపోయే ప్రమాదం ఒక సిజేరియన్ తర్వాత నూటికి 11, రెండింటి తర్వాత 40, మూడింటి తర్వాత 61. రెండో కాన్పుతోనే ఆపేసే మన ఇళ్లకు ఈ అంకెలు ఇన్నాళ్లూ పెద్దగా తగల్లేదు. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ, ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయరాదన్న నిబంధనను ఎత్తేసింది. ఎక్కువమందిని కనండని ముఖ్యమంత్రే అంటున్నారు. రెండు కోతలు పడ్డ తల్లి ఆ మాట విని మూడో కాన్పుకు సిద్ధపడితే, ఆమెకు కావాల్సింది రక్తనిధి ఉన్న పెద్దాసుపత్రి. ఆ సంగతి సభలో పిలుపునిచ్చేవారు చెప్పరు.

మామూలు కాన్పుకు ప్రయత్నించాలంటే నొప్పుల పొడవునా పక్కన ఒక మనిషి ఉండాలి. బిడ్డ గుండె చప్పుడు వింటూ, తల్లి నాడి చూస్తూ, ఏదైనా తేడా కనబడగానే థియేటర్ సిద్ధం చేయించాలి. ఒకే డాక్టరమ్మ నడిపే పట్టణ నర్సింగ్ హోములో, మత్తు డాక్టరు నాలుగు ఆసుపత్రులు తిరిగే చోట, తెల్లవారుజామున మూడింటికి ఆ ఏర్పాటు కుదరదు. ఆ డాక్టరమ్మ 'రిస్క్ వద్దమ్మా' అంటే అందులో డబ్బాశ ఉండవచ్చు, నిజమైన భయమూ ఉండవచ్చు. 1999లో అమెరికా చిన్న ఆసుపత్రులు తలుపులు మూసింది ఈ లోటు వల్లే. దీనికి ఒక జవాబుగా తెలంగాణ ప్రభుత్వం యూనిసెఫ్, హైదరాబాద్‌లోని ఫెర్నాండెజ్ ఆసుపత్రులతో కలిసి 2017లో కరీంనగర్‌లో నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. మొదటి జట్టులో ముప్పై మంది. మంత్రసాని చేసిన పనిలోని ఓపికను చదువుతో, జీతంతో తిరిగి తేవడం అది.

ఈ ఎంపిక ఎవరిదన్న దానికి న్యాయస్థానాలు కొంత జవాబు ఇచ్చాయి. మన సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసులో, ఒక చికిత్సకు ఇచ్చిన సమ్మతి మరో శస్త్రచికిత్సకు చెల్లదంది. బ్రిటన్ సుప్రీంకోర్టు 2015లో మాంట్‌గమరీ కేసులో మరో అడుగు వేసింది. మధుమేహం ఉన్న గర్భిణికి బిడ్డ భుజాలు ఇరుక్కునే ప్రమాదం గురించి చెప్పకపోవడం తప్పని, ఆమె స్థానంలో ఉన్న స్త్రీకి ముఖ్యమనిపించే ప్రమాదాలన్నీ చెప్పాలని తీర్పునిచ్చింది. మొదటి మామూలు కాన్పే పీడకలైన స్త్రీలకూ ఇది వర్తిస్తుంది. రెండోసారి ఆపరేషనే కావాలని వాళ్లు అడిగితే, మాట్లాడి, మానసిక సహాయం అందించాక కూడా అదే కోరితే ఒప్పుకోవాలని బ్రిటన్ మార్గదర్శకాలు 2011 నుంచి చెబుతున్నాయి. మన దగ్గర సమ్మతి అంటే ఇప్పటికీ చాలాసార్లు థియేటర్ గుమ్మంలో భర్త పెట్టే సంతకమే.

చివరికి విషయం కాగితం దగ్గరకు వస్తుంది. తొలి పురుడు పుట్టింట్లో పోయడం మన ఆనవాయితీ. అంటే మొదటి ఆపరేషన్ ఏలూరులోనో, ఖమ్మంలోనో అవుతుంది, రెండో కాన్పు హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో. పొట్ట మీది మచ్చ అడ్డంగా ఉంటే లోపలి కోతా అడ్డమేనని చెప్పలేం. డిశ్చార్జి కాగితంలో 'ఎల్ఎస్‌సీఎస్' అని నాలుగు అక్షరాలు ఉంటాయి. మొదటి రెండూ చెప్పేది కోత గర్భసంచి కిందిభాగంలో పడిందని. మన్రో కెర్ కోత అదే. అది పక్కకు చీరిందా, పైకి టి ఆకారంలో కోయాల్సి వచ్చిందా అన్నది మాత్రం ఆ కాగితంలో దొరకదు. ఆపరేషన్ నోట్స్‌లో ఉంటుంది, అది అడిగితే తప్ప ఇంటికి రాదు.