పెరటి చిలకకు కేసు, షాపు చిలకకు రసీదు

"అన్నా, మన రామచిలక దొరుకుతాదా?" అని అడిగాడు నా ముందు నిలబడినాయన. పక్కన ఎనిమిదేళ్ల కూతురు, వేళ్లు అప్పటికే బోను ఊచల మధ్యలో ఉన్నాయి. కర్నూలులో పక్షులమ్మే చిన్న షాపు అది. షాపతను గింజలు తూచే పని ఆపకుండానే, "ఆ మాట అడగొద్దన్నా, కేసవుతాది. లవ్‌బర్డ్స్ తీస్కపో, జతలున్నాయి" అన్నాడు. ఆయనకు మింగుడు పడలేదు. ఎక్కడో ఆస్ట్రేలియా పక్షి, ఆఫ్రికా పక్షి ఇక్కడ దర్జాగా కూర్చుని జొన్నలు ఒలుచుకుంటుంటే, తన ఊరి చింతచెట్టు తొర్రలో పుట్టే చిలకకు కేసేమిటి?

అడగాల్సిన ప్రశ్నే. నేను మాట్లాడినవాళ్లలో సగానికి సగం మంది దీన్ని తిరగేసి నమ్ముతున్నారు. విదేశీ పక్షి పెంచితే ఏదో ఒక తంటా, మన రామచిలకకైతే అడిగేవాడెవడు అనుకుంటారు. ఉన్న చట్టం సరిగ్గా దీనికి అడ్డం తిరిగి ఉంది. అలా ఎందుకైందో తెలియాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

చిలకను పెంచుకోవడం మనకు కొత్త కాదు. రెండువేల నాలుగువందల ఏళ్ల కిందట తీసియస్ అనే గ్రీకు వైద్యుడు, భారతదేశంలో మనిషిలా మాట్లాడే పక్షి ఉందని రాసిపెట్టాడు. ఎర్రటి మొహం, నల్లటి గడ్డం అని అతను చెప్పిన గుర్తులను బట్టి అది రేగుపండు రంగు తల ఉండే చిలక అయి ఉంటుందని పక్షుల సంగతి తెలిసినవాళ్ల అంచనా. ఆ చిలక ఇప్పటికీ నల్లమలలో ఉంది. పేరులోనే కదిరి ఉన్న కవి పాలవేకరి కదిరీపతి తెలుగులో చెప్పిన శుకసప్తతిలో కథలు చెప్పేది పంజరంలోని చిలకే. మన్మథుడికి వాహనం, మాంత్రికుడికి ప్రాణం దాచుకునే చోటు, జాతకం చెప్పేవాడికి జీవనాధారం. పిల్లవాడు వినకపోతే "చిలక్కి చెప్పినట్టు చెప్పా" అంటాం. ఇంతగా మాటల్లో కలిసిపోయిన పక్షి ఇంట్లో ఉండడం తప్పని ఎవరికి తోస్తుంది?

నంద్యాల దగ్గర మా అవ్వ ఇంట్లో కూడా ఒకటి ఉండేది. వసారాలో దూలానికి వేలాడే ఇనుప పంజరం, అడుగున రేకు తట్ట, లోపల సత్తు గిన్నె. అవ్వ రోజూ పొద్దున పచ్చిమిరపకాయ తొడిమ పట్టుకుని ఊచల్లోంచి అందించేది. కారం తింటే నాలుక తిరుగుతుందని, మాటలొస్తాయని ఆమె నమ్మకం. మాటలకూ మిరపకాయకూ ఏ సంబంధమూ లేదు. ఆ కారం మనకు మండినట్టు పక్షులకు మండదు, అంతే. అది ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలితో కాయను పట్టుకుని, గింజలు మాత్రం ఏరుకుని తిని తోలు కింద పారేసేది. మూడో ఏడు మెడ చుట్టూ నల్లటి, గులాబీ రంగు పట్టీ వచ్చింది. అప్పటిదాకా సీత అని పిలిచినదాన్ని అవ్వ ఆ రోజు నుంచి రాముడన్నది. ఆ పట్టీ మగదానికే వస్తుంది, అదీ రెండుమూడేళ్లు నిండాకే. కనుక పట్టీ లేని చిలకను చూసి ఆడదనో మగదనో చెప్పి అమ్మేవాడి మాట నమ్మడానికి లేదు.

ఆ చిలక ఎలా వచ్చిందో అవ్వ దాచుకోలేదు. ఊరి కుర్రాళ్లు ఎండిన తాటిమొద్దు తొర్రలోంచి తీసి తెచ్చారు. రామచిలక తొర్రలోనే గుడ్లు పెడుతుంది, మామూలుగా మూడు, నాలుగు. మూడు వారాలకు పైగా పొదుగుతుంది, పిల్ల ఎగరడానికి ఇంకో ఆరేడు వారాలు. రెక్కలు పూర్తిగా రాకముందే తీస్తేనే మనిషికి మచ్చికవుతుంది, కాబట్టి తీసేవాళ్లంతా ఆ సమయం చూసుకునే ఎక్కుతారు. చెయ్యి దూరకపోతే తొర్రను గొడ్డలితో వెడల్పు చేస్తారు. పిల్లలు పోతే మళ్లీ పెట్టుకోవచ్చు, తొర్ర పోతే మరుసటి ఏడు ఆ జంటకు ఇల్లే లేదు. చిలక కట్టెముక్కలు తెచ్చి గూడు అల్లే పక్షి కాదు మరి. ఉన్న తొర్రను కొంచెం తొలుచుకుని సర్దుకుంటుంది. మా అవ్వ ఇంటికి వచ్చింది ఒక్కటే. మిగతావి రెండు దారిలోనే చచ్చిపోయాయట. ఆ సంగతి ఆమె ఎప్పుడూ మామూలుగానే చెప్పేది, ఎండాకాలం నీళ్ల గురించి చెప్పినట్టు.

ఒక్కో ఇంటికి ఒక్కటి అనుకుంటే పెద్ద నష్టంలా కనబడదు. కానీ లెక్క ఇళ్లతో ఆగలేదు. 1970ల నాటికి మన దేశం అడవి పక్షులను లక్షల సంఖ్యలో బయటి దేశాలకు అమ్ముతుండేది. అందులో చిలకలది పెద్ద వాటా. ఇవాళ లండన్ పార్కుల్లో గుంపులుగా తిరిగే పచ్చ చిలకలు మన రామచిలక జాతివే. అక్కడ పంజరాల్లోంచి తప్పించుకున్నవి, వదిలేసినవి అలా ఊరుగట్టాయి.

ఇంగ్లీషువాళ్ల కాలంలోనే 1887లో ఒకటి, 1912లో ఒకటి పక్షుల చట్టాలు వచ్చాయి గానీ, వాటి చూపు ఎక్కువగా వేట సీజన్ల మీదే. అసలు మలుపు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం. అందులో కూడా మొదట్లో లైసెన్సు తీసుకుని కొన్ని పక్షులను పట్టడానికి, అమ్మడానికి సందు ఉండేది. ఆ సందులోనే వ్యాపారం బతికింది. 1990, 91లలో దాన్ని మూసేశారు. అప్పటి నుంచి మన దేశపు అడవి పక్షిని పట్టడం, అమ్మడం, కొనడం, బోనులో పెట్టుకోవడం నేరం. తొర్రలో గుడ్లను కదిలించినా చట్టం దృష్టిలో అది వేటే. అలా పట్టిన పక్షి ప్రభుత్వ ఆస్తి. 2022 సవరణ 2023 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చాక రామచిలక ఆ చట్టం రెండో షెడ్యూల్లో, అంటే రెండో జాబితాలో ఉంది. శిక్ష మూడేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

ఇక్కడ రైతు గురించి ఒక మాట చెప్పాలి. మన జిల్లాల్లో చిలక అంటే ముచ్చటపడేది ఊళ్లో ఉన్నవాళ్లే, చేలో ఉన్నవాడు కాదు. జొన్న కంకి పాలు పోసుకునే వేళకు గుంపు దిగుతుంది. మంచె మీద కూర్చుని వడిసెల తిప్పి తిప్పి భుజాలు పోయినవాళ్లున్నారు. పొద్దుతిరుగుడు మన దేశంలో వ్యాపార పంటగా మొదలైంది కూడా 1972లోనే. చట్టం, పంట ఒకే ఏడాది రావడం యాదృచ్ఛికమే గానీ, పళ్లెంలో పోసి పెట్టినట్టుండే ఆ పువ్వు మీద వాలి, ఒక్కో గింజా లాగి తినే చిలకను చూస్తే రైతుకు నవ్వు రాదు. పాత చట్టంలో కాకి, ఎలుక, గబ్బిలం 'వర్మిన్' అనే హానికర జాబితాలో ఉండేవి. చిలక మాత్రం లేదు. ఆ రైతుకు ఇది అన్యాయంగా అనిపిస్తే నేను తప్పుపట్టలేను. వడిసెలతో అదిలించడం వేరు, వలేసి పట్టి అమ్ముకోవడం వేరు అన్నంత వరకే చెప్పగలను.

చట్టం దెబ్బ మొదట తగిలింది జోస్యం చెప్పేవాళ్లకు. గుడి దగ్గరో, బస్టాండు గోడ పక్కనో గోనెపట్టా పరిచి, చిన్న చెక్క బోను తలుపెత్తితే చిలక నడుచుకుంటూ వచ్చి ముక్కుతో ఒక చీటీ లాగేది. అది నడిచే రావాలి, ఎందుకంటే రెక్కలు కత్తిరించి ఉండేవి. ఈ పని చేసేవాళ్లు పేదవాళ్లు. పట్టుబడితే పక్షీ పోయేది, పొట్టకూడూ పోయేది. పెద్ద ఇళ్ల వసారాల్లోని పంజరాల జోలికి మాత్రం చాలాకాలం ఎవరూ పోలేదు. చట్టం అందరికీ ఒకటే అయినా చెయ్యి అందిన చోటే పడింది.

మరి షాపులోని పక్షుల సంగతేమిటి? మనవాళ్లు లవ్‌బర్డ్స్ అని కొనేవి చాలా మటుకు లవ్‌బర్డ్స్ కావు, బడ్జీలు. ఊరు ఆస్ట్రేలియా. 1840లో జాన్ గౌల్డ్ అనే పక్షి శాస్త్రజ్ఞుడు వాటిని ఇంగ్లండుకు తెచ్చాడు. అడవి బడ్జీ పచ్చగా, పసుపు తలతో ఉంటుంది. నీలం, తెలుపు వంటివన్నీ బోనుల్లో తరాల తరబడి జత కట్టించి తీసిన రంగులు. ఆస్ట్రేలియా తన పక్షుల ఎగుమతిని ఆపి అరవై ఏళ్లు దాటింది. అంటే కర్నూలు షాపులోని బడ్జీ తాత ముత్తాతలు కూడా బోనులోనే పుట్టారు. తలపై కుచ్చు ఉండే కాకటీల్ కథా ఇదే. అసలు లవ్‌బర్డ్స్ ఆఫ్రికావి, పొట్టి తోక, బలిసిన ముక్కు.

షాపు చిలకకు అనుమతి, పెరటి చిలకకు కేసు అనే తేడా ఇక్కడే పుట్టింది. ఒకటి బోనులో పుట్టింది, ఇంకొకటి తొర్రలోంచి వచ్చింది. రామచిలకను కూడా బోనులో పుట్టించవచ్చు కదా అంటారు. పుట్టించవచ్చు. కానీ రామచిలక తొర్ర మన ఊళ్లోనే, నిచ్చెన వేస్తే అందేంత దూరంలో ఉంది. బోనులో పుట్టిందని చెప్పి తొర్రలోది అమ్మడానికి ఎంతసేపు?

అయితే విదేశీ చిలక అయితే చాలు, ఏదైనా పెంచుకోవచ్చు అనుకోవడం ఇంకో పొరపాటు. అంతరిస్తున్న జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందంలో భారత్ 1976 నుంచి ఉంది. దాదాపు చిలక జాతులన్నీ దాని జాబితాల్లో ఉన్నాయి. బడ్జీ, కాకటీల్, గులాబీ మొహపు లవ్‌బర్డ్ బయట ఉన్నాయి. నాలుగో మినహాయింపు మన రామచిలకే! ప్రపంచ వ్యాపార జాబితాలో లేని పక్షి ఇంట్లో నేరం కావడం చాలామందిని తికమక పెడుతుంది గానీ, రెండు జాబితాలు చూసేవి రెండు వేర్వేరు సంగతులు. మాట్లాడడంలో మేటి అయిన ఆఫ్రికన్ గ్రే చిలకను అడవుల్లో ఎంతగా పట్టారంటే, 2016లో దాన్ని సైటిస్ అతి కఠినమైన మొదటి జాబితాకు మార్చారు.

ఇలాంటి పక్షులు మన దేశంలో ఎవరి దగ్గర ఎన్ని ఉన్నాయో ప్రభుత్వానికే తెలియని స్థితి. అందుకే 2020 జూన్‌లో, ఉన్నవి చెప్పండి, కాగితాలు అడగం అని కేంద్రం ఆరు నెలల అవకాశం ఇచ్చింది. 2022 సవరణలో సైటిస్ జీవులను నాలుగో షెడ్యూల్లో చేర్చారు. 2024 ఫిబ్రవరిలో రిజిస్ట్రేషన్ నియమాలు వచ్చాయి. సన్ కన్యూరు, గ్రే చిలక, మకావ్ వంటి విదేశీ చిలకలు ఉన్నవాళ్లు కేంద్ర పర్యావరణ శాఖవాళ్ల పరివేష్ పోర్టల్లో నమోదు చేసుకోవాలి. పిల్లలు పుట్టినా, పక్షి చనిపోయినా, చేతులు మారినా చెప్పాలి. ఫిషర్స్ లవ్‌బర్డ్‌కు కూడా ఇదే వర్తిస్తుంది. పక్కబోనులో ఉండే గులాబీ మొహపుదానికి అక్కర్లేదు. రెండూ చూడడానికి అన్నదమ్ముల్లా ఉంటాయి, కొనేవాడికి ఈ తేడా ఎవరు చెప్పాలి?

ఆ చెప్పాల్సింది షాపువాడే. 2018 పెట్ షాప్ నియమాల ప్రకారం ప్రతి షాపూ రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్టరు కావాలి, ఏ పక్షి ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరికి పోయింది అనే లెక్క రాసుకోవాలి. ఖరీదైన చిలకలకైతే కాలికి అతుకు లేని ఉంగరం ఉందా అని చూడాలి. పిల్ల వారం పదిరోజుల వయసులో ఉన్నప్పుడే అది పాదం మీదుగా ఎక్కుతుంది, తర్వాత ఎక్కదు. బోనులో పుట్టిందనడానికి అదొక్కటే కంటికి కనిపించే ఆధారం.

ఇంట్లో ఇప్పటికే రామచిలక ఉన్నవాళ్లు కేసు భయంతో రాత్రికి రాత్రి తలుపు తీసి వదిలేస్తుంటారు. మా అవ్వ పోయాక మేం చేసిందీ అదే. పన్నెండేళ్లు పంజరంలో ఉన్న రాముడు జామకొమ్మ దాకా ఎగిరి, అక్కడే కూర్చున్నాడు. కాకులు చుట్టుముట్టాయి. గంట తర్వాత కిందికి దిగి, నడుచుకుంటూ వచ్చి పంజరం పక్కన నిలబడ్డాడు. మచ్చికైన చిలకకు తిండి వెతుక్కోవడం రాదు, గుంపు దాన్ని తొందరగా కలుపుకోదు. అటవీ శాఖవాళ్లకు అప్పగించడమే దారి. ఆ సంగతి మాకప్పుడు తెలియదు.

షాపులో ఆయన చివరికి పచ్చ బడ్జీల జత తీసుకున్నాడు. "మాట్లాడతాదా?" అని అడిగింది పాప. "ముక్కు మీద నీలంగా ఉంది చూడు, అది మగది. నేర్పితే మాట్లాడతాది" అన్నాడు షాపతను. అది నిజమే. 1,728 మాటలతో గిన్నిస్‌కెక్కిన పక్షి ఒక బడ్జీ. అట్టపెట్టెకు మేకుతో నాలుగు బొక్కలు పొడిచి పక్షులను అందులో పెట్టి ఇచ్చాడు. "రసీదు రాసియ్యన్నా" అన్నాడు ఆయన. షాపతను పెన్ను కోసం కాసేపు వెతికి, "పిట్టలకు రసీదేందన్నా" అని మళ్లీ గింజలు తూచడం మొదలుపెట్టాడు.