అండమాన్ టూర్: నన్ను రోజూ అడిగే మాటలు, అసలు సంగతులు (అపోహలు - వాస్తవాలు)

పోర్ట్‌బ్లెయిర్‌లో టూర్లు నడపడం నా పని. మా నాన్నగారు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు, అందుకని తెలుగువాళ్ల ఫోన్లు నాకు ఎక్కువ. సీజన్ మొదలైతే అందరూ దాదాపు అవే మాటలు అడుగుతారు. వాటిలో కొన్ని డబ్బు దండగ చేసేవి, కొన్ని ప్రాణం మీదికి తెచ్చేవి, ఒకటి మాత్రం వేరేవాళ్ల ప్రాణం మీదికి తెచ్చేది. దాన్ని చివర్లో రాశాను, దయచేసి అక్కడిదాకా చదవండి.

అపోహ: పాస్‌పోర్ట్ కావాలి.

అక్కర్లేదు. ఇది మన దేశమే, ఫొటో ఉన్న గుర్తింపు కార్డు చాలు. పేర్లు మారాయి కాబట్టి టికెట్లు చూసి కంగారుపడకండి: పోర్ట్‌బ్లెయిర్ 2024 నుంచి శ్రీ విజయపురం, హేవ్‌లాక్ ఇప్పుడు స్వరాజ్ ద్వీప్, నీల్ షహీద్ ద్వీప్. మేం మాట్లాడేటప్పుడు ఇంకా పాత పేర్లే వస్తాయి.

అపోహ: నాలుగు రోజుల్లో అన్నీ చుట్టేయొచ్చు.

ఇక్కడ పొద్దు మీ ఊళ్లోలా ఉండదు. గడియారం ఇండియాదే కానీ దీవులు బాగా తూర్పున ఉన్నాయి, అందుకని డిసెంబరులో సాయంత్రం 5 గంటలకల్లా సూర్యుడు దిగిపోతాడు. హేవ్‌లాక్‌లోని రాధానగర్ బీచ్‌లో సూర్యాస్తమయం చూద్దామని టీ తాగి తీరిగ్గా ఆరింటికి బయల్దేరితే చీకటే మిగులుతుంది. దీనికి తోడు ఆటుపోట్లు. నీల్‌లో సముద్రం చెక్కిన రాతి వంతెన దగ్గరికి నీరు వెనక్కి తీసినప్పుడే నడిచి వెళ్లగలం, ఆ సమయమేమో రోజుకు ముప్పావుగంట పైగా ఆలస్యమవుతుంటుంది. మొన్న ఒక కుటుంబం ముసలివాళ్లతో సహా పోటు వేళకు చేరింది, పాపం రాళ్ల మీద నీళ్లు చూసి తిరిగొచ్చారు. ముందు ఆటు ఏ వేళకో కనుక్కుని, ఆ తర్వాతే ఆ రోజు ప్లాన్ వేసుకోండి. గాలి ఎక్కువైతే పడవలు ఆగిపోతాయి, కాబట్టి తిరుగు విమానానికి ముందు రోజు రాత్రికి పోర్ట్‌బ్లెయిర్‌లోనే ఉండండి.

అపోహ: ఈత రాకపోతే స్కూబా (గాలి సిలిండర్‌తో సముద్రంలోకి దిగడం) చేయలేం.

మొదటిసారి చేసేవాళ్లను శిక్షకుడు పట్టుకునే ఉంటాడు, ఈత రాకపోయినా ఫర్వాలేదు. అసలు చూసుకోవాల్సింది వేరే ఉంది. డైవింగ్ తర్వాత కనీసం 18 గంటలు విమానం ఎక్కకుండా ఉండటం మంచిది, ఎందుకంటే లోతులో ఒంట్లో కరిగిన నైట్రోజన్ పైకెళ్లాక బుడగలు కట్టే ప్రమాదం ఉంది. చివరి రోజుకు స్కూబా పెట్టిన ప్యాకేజీ ఎవరైనా ఇస్తే మార్పించుకోండి. జలుబు ఉన్నా, ఆస్తమా ఉన్నా దాచకుండా ముందే చెప్పండి.

అపోహ: నీళ్లు ఇంత తేటగా ఉన్నాయి, ఎక్కడైనా దిగొచ్చు.

దిగకూడదు. ఇక్కడ ఉప్పునీటి మొసళ్లు ఉన్నాయి. 2010లో హేవ్‌లాక్‌లోనే ఒక విదేశీ పర్యాటకురాలు మొసలి దాడిలో చనిపోయింది. మడ అడవులు, వాగులు సముద్రంలో కలిసే చోట్లు మరీ ప్రమాదం. హెచ్చరిక బోర్డు ఉన్నచోట ఎవరో దిగారని మీరూ దిగకండి, పొద్దుగూకాక అసలే వద్దు.

పగడపు ముక్కల సంగతి కూడా ఇక్కడే చెప్తాను. ఒడ్డున చచ్చి పడి ఉన్నదే కదా అని పిల్లలు జేబులో వేసుకుంటారు, ఎయిర్‌పోర్టులో స్కానర్ పట్టేస్తుంది. 1972 వన్యప్రాణి చట్టం కింద అది నేరం. గవ్వల వస్తువులు కొనాలంటే లైసెన్సు ఉన్న షాపులో కొని బిల్లు దాచుకోండి.

అపోహ: సెల్యులార్ జైల్లో రాత్రి లైట్ అండ్ సౌండ్ షో చూస్తే చాలు.

షో చూడండి, కానీ పగలు కూడా వెళ్లండి. 1896లో మొదలుపెట్టి 1906లో పూర్తిచేసిన ఈ జైలుకు ఏడు రెక్కలు, ఇప్పుడు మిగిలినవి మూడు. ఒక రెక్కలోని గదుల ముఖం పక్క రెక్క వీపు వైపుకు పెట్టారు, ఒక ఖైదీ ఇంకొకరి ముఖం చూడకుండా. గానుగ దగ్గర కాసేపు నిలబడండి. ఎద్దుకు బదులు మనిషిని కట్టి రోజుకు 30 పౌండ్ల కొబ్బరినూనె తీయమనేవారు. ఇంకో మాట, అండమాన్ శిక్ష ఈ భవనంతో మొదలవలేదు. 1858లోనే ఖైదీలను తెచ్చారు, 1879 రంప తిరుగుబాటులో పట్టుబడిన మన మన్యం మనుషులను కూడా ఇక్కడికే పంపారు, అప్పటికి ఈ జైలు లేనే లేదు. వైపర్ దీవిలో పాత ఉరికంబం ఉంది. ఆ పేరు పాముల వల్ల వచ్చిందని చెబుతుంటారు, నిజానికి అది ఒక ఓడ పేరు.

అపోహ: బారాటాంగ్ దీవికి వెళ్తే దారిలో జరవాలను (ఇక్కడి అడవిలో బతికే ఆదివాసులను) చూడొచ్చు.

నాకు అన్నిటికంటే బాధ కలిగించే ప్రశ్న ఇదే. "అన్నా, కనిపిస్తారా? ఫొటో తీయొచ్చా?" అని చదువుకున్నవాళ్లే అడుగుతారు. ఆ రోడ్డు వాళ్ల అడవి మధ్యలోంచి వేశారు. 2011 జనగణనలో వాళ్లు 380 మంది. బయటివాళ్లతో కలవడం మొదలయ్యాక 1999లో, మళ్లీ 2006లో వాళ్లకు తట్టు సోకింది. మనకు మామూలు జలుబు వాళ్లకు మామూలు కాదు. అందుకే ఆ అడవి మొదట్లో ఉన్న జిర్కాటాంగ్ గేటు నుంచి బండ్లు పోలీసు కాపలాతో వరసగా వెళ్తాయి. ఆపకూడదు, తినేవి ఇవ్వకూడదు, ఫొటో తీస్తే జైలు శిక్ష పడుతుంది. 2002లో సుప్రీంకోర్టు ఆ రోడ్డును మూసేయమని కూడా చెప్పింది, అయినా బండ్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

బారాటాంగ్‌లో చూడటానికి మడ అడవుల మధ్య పడవ ప్రయాణం, సున్నపురాయి గుహలు ఉన్నాయి. బురద అగ్నిపర్వతం కూడా ఉంది, అందులో లావా ఉండదు, లోపలి వాయువులు చల్లటి బురదను పైకి నెడతాయి, అంతే. వీటికోసమైతే తెల్లవారుజామున 3 గంటలకు లేచి రండి. "జరవాలను చూపిస్తాం" అని ఎవరైనా ఊరిస్తే ఆ మనిషి దగ్గర బుక్ చేయకండి. నా బండి ఎక్కినవాళ్ల ఫోన్లన్నీ జిర్కాటాంగ్ గేటు రాకముందే బ్యాగుల్లోకి వెళ్లిపోతాయి, అడవి దాటాకే బయటికి తీస్తాం.