చిరుతిళ్ల యంత్రానికి ఆహార ప్రమాణాలు: బడి దాకా వచ్చిన నిబంధన ఆఫీసు గడప ఎందుకు దాటలేదు

ప్రభుత్వ ఉద్యోగి పనివేళల్లో ఏం తింటున్నాడన్న ప్రశ్న మన దేశంలో చాలాకాలం క్యాంటీన్ చుట్టూనే తిరిగింది. 250 మందికి మించి కార్మికులున్న కర్మాగారాల్లో క్యాంటీన్ ఏర్పాటును తప్పనిసరి చేసే అధికారాన్ని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 46వ సెక్షన్ రాష్ట్ర ప్రభుత్వాలకు ఇచ్చింది. మనిషికి చౌకగా, శుభ్రంగా, వేళకు ఇంత తిండి దొరకాలన్నదే ఆనాటి ఆరాటం. తిండికి కొరతే పెద్ద సమస్యగా ఉన్న రోజుల్లో ఉప్పు, చక్కెర, నూనెల లెక్క ఎవరూ అడగలేదు, అడగనందుకు వారిని తప్పుపట్టలేం.

విజయవాడ, గుంటూరు ప్రాంతంలో ఈ ప్రశ్న మరో రూపం తీసుకుంది. 2016లో సచివాలయం వెలగపూడికి, శాఖాధిపతుల కార్యాలయాలు ఈ రెండు నగరాలకూ వాటి చుట్టుపక్కలకూ తరలివచ్చినప్పుడు, వాటిలో చాలా వాటికి అద్దె భవనాలే దిక్కయ్యాయి. అపార్ట్‌మెంట్ల కోసమో దుకాణాల కోసమో కట్టిన భవనంలో వందమందికి వండిపెట్టే వంటగదికి చోటెక్కడిది? అలాంటి చోట చిరుతిళ్లు అమ్మే యంత్రం సులువైన మార్గంగా కనిపిస్తుంది. గోడవారగా కాస్త జాగా, ఒక కరెంటు ప్లగ్గు, డబ్బు చెల్లించడానికి యూపీఐ కోడ్ ఉంటే చాలు.

చిక్కు ఆ యంత్రం పనితీరులోనే ఉంది. అద్దం వెనుక వరుసగా ఉన్న తీగచుట్టల్లో ఒకటి ఒక్క చుట్టు తిరగగానే ప్యాకెట్టు ముందుకు జరిగి కింది అరలోకి పడుతుంది. అంత ఎత్తు నుంచి పడినా చితకనిది, వారాల తరబడి నిల్వ ఉండేది మాత్రమే అందులో ఇముడుతుంది. అందుకే చిప్స్, క్రీము బిస్కెట్లు, తీపి పానీయాలు ఆ అరలను ఆక్రమిస్తాయి. బెజవాడ ఎండల్లో కోసిన జామకాయ ముక్కలు శీతలీకరణ లేని యంత్రంలో ఒక పూటైనా నిలవవు. మామూలు శీతల పానీయంలో 100 మిల్లీలీటర్లకు 10, 11 గ్రాముల చక్కెర ఉంటుంది. కాబట్టి 250 మిల్లీలీటర్ల సీసా ఒక్కటి తాగితే, రోజుకు సుమారు 25 గ్రాములకు మించకపోవడం మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించిన హద్దు అక్కడికక్కడే తీరిపోతుంది.

ఈ యంత్రాలకు పోషక ప్రమాణాలు విధించిన వాటిలో అమెరికా ప్రభుత్వ సంస్థలున్నాయి. న్యూయార్క్ నగరపాలక సంస్థ తాను కొనే, వడ్డించే ఆహారానికి ప్రమాణాలు ఉండాలని 2008లో ఉత్తర్వు ఇచ్చి, తరువాతి సంవత్సరాల్లో వాటిని యంత్రాలకూ విస్తరించింది. 2011లో అక్కడి కేంద్ర ప్రభుత్వం తన కార్యాలయాల్లోని ఆహార విక్రయాలకు మార్గదర్శకాలు విడుదల చేసింది. ప్రభుత్వ భవనాల్లో విక్రయశాలలు నడిపే అవకాశం అంధులకు దక్కాలని ఆ దేశంలో 1936 నుంచే చట్టం ఉంది. ఆరోగ్యం పేరుతో మార్చే ప్రతి అర వెనుక ఒకరి జీవనోపాధి ఉంటుందన్న సంగతిని మన అధికారులు కూడా మరవకూడదు.

ప్రమాణాలు పెడితే అమ్మకాలు పడిపోతాయన్న భయానికి ఇంకా ముందే ఒక జవాబు దొరికింది. మిన్నెసోటా రాష్ట్రంలో 12 పని ప్రదేశాల్లో, 12 ఉన్నత పాఠశాలల్లో యంత్రాలపై చేసిన అధ్యయనం 2001లో వెలువడింది. కొవ్వు తక్కువ ఉన్న చిరుతిళ్ల ధరను 10 శాతం తగ్గిస్తే వాటి అమ్మకాలు 9 శాతం, 25 శాతం తగ్గిస్తే 39 శాతం, సగానికి తగ్గిస్తే 93 శాతం పెరిగాయి. యంత్రం మీద వచ్చే సగటు లాభం మాత్రం దెబ్బతినలేదు. గోడకు అంటించిన సూచిక కంటే ధరల పట్టికకే మనిషి ఎక్కువ స్పందిస్తాడని నేను నమ్మడానికి ఈ అధ్యయనమే ఆధారం.

మన దేశంలో కదలిక బడుల నుంచి మొదలైంది. పాఠశాలల పరిసరాల్లో జంక్ ఫుడ్ అమ్మకంపై 2010లో ఢిల్లీ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం దాఖలైంది, 2015లో కోర్టు ఆదేశాలు వచ్చాయి, 2020లో ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ నిబంధనలు తెచ్చింది. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న పదార్థాలను బడి ఆవరణలోనూ, గేటు నుంచి 50 మీటర్ల లోపునా అమ్మకూడదని అవి చెబుతున్నాయి. పిల్లలకు తామేం తింటున్నామో ఎంచుకునే వివేకం ఉండదన్నది ఈ నిబంధనల వెనుక ఉన్న వాదన. పెద్దలకు ఆ వివేకం ఉంటుంది, నిజమే. కానీ సాయంత్రం నాలుగింటికి ఆకలేసిన గుమాస్తాకు ఎదురుగా నాలుగు రకాల చిప్స్ తప్ప మరేమీ లేనప్పుడు ఆ వివేకంతో దేన్ని ఎంచుకోవాలి?

కార్యాలయాల విషయంలో మాత్రం వచ్చినవన్నీ సలహాలే. 2019లో కేంద్ర ఆరోగ్య శాఖ తన సమావేశాల్లో బిస్కెట్లు మాని వేయించిన శనగలు, ఖర్జూరాలు, బాదం, అక్రోటు పెట్టాలని ఆదేశించింది, అదీ ఆ శాఖ వరకే. 2025 జూన్‌లో అన్ని మంత్రిత్వ శాఖలకూ లేఖ రాస్తూ, నూనె, చక్కెరల వివరాలు తెలిపే బోర్డులు పెట్టాలని, తీపి పానీయాల లభ్యతను తగ్గించాలని కోరింది. సమోసాకు, జిలేబీకి హెచ్చరికలు వస్తున్నాయన్న ప్రచారం చెలరేగడంతో, విక్రేతల పదార్థాలపై హెచ్చరిక లేబుళ్లు వేయమని తాము చెప్పలేదని జూలైలో వివరణ ఇవ్వాల్సి వచ్చింది. ఆ గొడవలో లభ్యత గురించిన మాట మరుగున పడిపోయింది. లేఖలో అన్నిటికంటే విలువైన మాట అదే.

లభ్యతను నిర్ణయించేది టెండరు పత్రం. యంత్రం పెట్టుకోవడానికి జాగా ఇచ్చే శాఖ ఇప్పుడు చూస్తున్నది అద్దె, కరెంటు ఖర్చు, కాలపరిమితి. వాటి పక్కనే అరల్లో ఎంత భాగం ఉప్పులేని వేరుశనగలు, వేయించిన శనగలు, తీపి కలపని మజ్జిగ, మంచినీళ్లు ఉండాలో, వాటి ధర చిప్స్ ధరను మించకూడదన్న షరతునూ చేర్చవచ్చు. మహిళా సంఘాలు తయారుచేసే చిరుతిళ్లకు చోటిస్తే ఇంకా మంచిది. అయితే ఇంటి వంట అన్న పేరుతో వాటికి మినహాయింపు ఇవ్వకూడదు, బెల్లం పాకం ఎక్కువైన పల్లీ చిక్కీ కూడా తీపి లెక్కలోకి వచ్చేదే. పైగా, కల్తీని, గడువు తీరిన సరుకును పట్టుకోవడానికి ఆహార భద్రతా అధికారి ఉన్నాడు గానీ, చట్టబద్ధంగా తయారైన ఉప్పు చిప్స్‌తో యంత్రమంతా నింపితే ఆయన అభ్యంతరం చెప్పడానికి దారి లేదు. ఆ పని ఒప్పందంపై సంతకం చేసిన శాఖే చేయాలి, ఒప్పందం గడువు ముగిసి కొత్త టెండరు పిలిచే సమయమే అందుకు తగిన అదను.