రెండు వందల తూటాల పరీక్ష

నడుముకో జేబులోనో దాచుకుని తిరగడానికి చిన్న పిస్తోలు కొన్నవాళ్లకు అమెరికాలో అనుభవజ్ఞులు చెప్పే సలహా ఒకటుంది. కొనగానే ఒంటిమీద పెట్టుకోవద్దు, ముందు రేంజికి, అంటే కాల్పులు సాధన చేసే చోటికి, తీసుకెళ్లి కనీసం 200 తూటాలు కాల్చాలి, ఒక్కటి కూడా ఇరుక్కోకపోతే అప్పుడే నమ్మాలి అంటారు. మొదటిసారి విన్నవాళ్లకు ఇది వింతగా తోస్తుంది. వందల డాలర్లు పోసి కొన్న వస్తువును కొన్నవాడే పరీక్షించుకోవలసిన ఖర్మ ఏమిటి? మన ప్రెషర్ కుక్కర్ మీద ఐఎస్ఐ ముద్ర ఉంటుంది. అమెరికాలో రొట్టె కాల్చే టోస్టర్ నిప్పు రాజేస్తే దాన్ని మార్కెట్ నుంచి వెనక్కి రప్పించే అధికారం ఒక ప్రభుత్వ సంస్థకు ఉంది. పిస్తోలు విషయంలో ఆ అధికారం ఎవరికీ లేదు.

పైగా ఆ 200 అంకె కూడా లెక్కల మాస్టారి ముందు నిలబడదు. రెండు వందల తూటాలూ ఏ ఆటంకం లేకుండా పేలితే, నూటికి తొంభై అయిదు పాళ్ల నమ్మకంతో చెప్పగలిగింది ఇంతే: ఆ పిస్తోలు మొరాయించే అవకాశం ప్రతి తూటాకూ ఒకటిన్నర శాతం లోపు ఉంటుంది. అంతకంటే ధైర్యం కావాలంటే ఇంకా ఎన్నో పెట్టెల తూటాలు కాల్చాలి.

జేబు తుపాకి మీద దాన్ని మోసేవాడికే నమ్మకం చాలకపోవడం పాత సంగతే. 19వ శతాబ్దంలో ఫిలడెల్ఫియాకు చెందిన హెన్రీ డెరింజర్ అరచేతిలో ఇమిడే పిస్తోళ్లు చేసి అమ్మేవాడు. ఒక్కసారే పేలేవి కనుక వాటిని జతలుగా కొనడం రివాజు. 1865 ఏప్రిల్ 14 రాత్రి వాషింగ్టన్‌లోని ఫోర్డ్స్ థియేటర్‌లో జాన్ విల్క్స్ బూత్ అబ్రహాం లింకన్‌ను కాల్చింది ఆ రకం పిస్తోలుతోనే. పేలిన మరుక్షణం అది ఉత్త ఇనుప ముక్క. తనను పట్టుకోబోయిన మేజర్ హెన్రీ రాత్‌బోన్‌ను బూత్ కత్తితో పొడిచాడు. ఆ కత్తిని అతడు ముందే సిద్ధంగా తెచ్చుకున్నాడు.

తర్వాతి మలుపు జాన్ బ్రౌనింగ్‌ది. ఆయన రూపొందించిన బుల్లి పిస్తోలును బెల్జియంలోని ఎఫ్ఎన్ కంపెనీ, 1908 నుంచి అమెరికాలో కోల్ట్ కంపెనీ తయారుచేశాయి. కోల్ట్ దానికి పెట్టిన పేరు వెస్ట్ పాకెట్, అంటే కోటు లోపల వేసుకునే చిన్న చొక్కా జేబు. దాని కోసం బ్రౌనింగ్ .25 అనే కొత్త తూటానే తయారుచేశాడు. అప్పటికే చవకగా దొరికే .22 తూటా ఉండగా ఇదెందుకు? .22లో నిప్పు పుట్టించే మందు తూటా అంచు చుట్టూ ఉంటుంది. ఆ మందు ఎక్కడైనా పలచబడితే సుత్తి దెబ్బ పడినా తూటా పేలదు. .25లో ఆ మందును నడిమధ్యన ప్రత్యేకమైన ప్రైమర్‌లో పెట్టారు. గుండు బలం దాదాపు .22 అంతే, కాని కచ్చితంగా పేలుతుంది. పరిమాణం, బలం, నమ్మకం అనే మూడింటిలో బ్రౌనింగ్ మొదటిదాన్నీ మూడోదాన్నీ పట్టుకుని రెండోదాన్ని వదిలేశాడు. ఆ తర్వాత వందేళ్లపాటు ఇంజనీర్లు పడిన పాట్లన్నీ ఆ వదిలేసినదాన్ని తిరిగి తెచ్చుకోవడానికే.

మధ్యలో చాలాకాలం ఈ గొడవ అవసరం లేకుండా చేసింది రివాల్వర్. కోల్ట్ 1927లో ఆరు తూటాల డిటెక్టివ్ స్పెషల్ తెచ్చింది. స్మిత్ అండ్ వెసన్ 1950లో అయిదు తూటాల చీఫ్స్ స్పెషల్ తెచ్చింది. పోలీసు అధిపతుల మహాసభలో దాన్ని చూపించి, పేరు కూడా వాళ్ల చేతే పెట్టించారు. ఒక తూటా పేలకపోతే మళ్లీ ట్రిగ్గర్ నొక్కితే చాలు, చక్రం తిరిగి పక్క తూటా ముందుకు వస్తుంది. రెండో చెయ్యి అక్కరలేదు, ఆలోచనా అక్కరలేదు. అయితే రివాల్వర్ మొరాయించదన్న మాట అర్ధసత్యమే. తరచుగా మొరాయించదు, కాని ఒకసారి బిగుసుకుందంటే చేత్తో విప్పలేం. బరువు తగ్గించాలని టైటానియం, స్కాండియం కలిసిన లోహాలతో చేసినప్పుడు కొత్త జబ్బు బయటపడింది. తేలికైన తుపాకి వెనక్కి తన్నే తన్నుకు, ఇంకా పేలని తూటాల్లోని గుండ్లు కొద్దికొద్దిగా ముందుకు జరిగి, చక్రానికి అడ్డం పడి, దాన్ని ఆపేసేవి.

ఆటోమేటిక్ పిస్తోలు సంగతి వేరు. పేలుడు శక్తితోనే దాని పైభాగం, అంటే స్లైడు, వెనక్కి వెళ్లాలి. పోతూ పోతూ ఖాళీ తొడుగును లాగి బయట పడెయ్యాలి. స్ప్రింగు దాన్ని మళ్లీ ముందుకు తోసేటప్పుడు మేగజైన్, అంటే పిడిలోని తూటాల పెట్టె, నుంచి కొత్త తూటాను తీసుకుని గొట్టంలోకి ఎక్కించాలి. పెద్ద పిస్తోలులో స్లైడు బరువుగా ఉంటుంది, ప్రయాణించే దూరం ఎక్కువ, కాబట్టి ప్రతి పనికీ తగినంత వ్యవధి దొరుకుతుంది. దాన్ని కుదించామంటే స్లైడు తేలికై వేగం పెరుగుతుంది. ఆ వేగాన్ని ఆపడానికి గట్టి స్ప్రింగు పెట్టాలి. అది చేతికి బిగువు, పైగా తొందరగా అలసిపోతుంది. మేగజైన్ అడుగునున్న స్ప్రింగు తర్వాతి తూటాను పైకి లేపేలోపే స్లైడు తిరిగి వచ్చేస్తుంది. వీటన్నింటికీ తోడు, కాల్చేవాడి మణికట్టు కూడా ఈ యంత్రంలో ఒక భాగమే. చెయ్యి సడలితే పిస్తోలు మొత్తం వెనక్కి కదిలిపోతుంది, స్లైడుకు ఊతం దొరకదు, తూటా ఇరుక్కుంటుంది. భయంతో వణికే చేతికి ఇచ్చే ఆయుధం గట్టి చేతిని కోరడం ఈ వ్యవహారంలోని అసలు పేచీ. జేబులోని నూలుపోగులు, చెమట, దుమ్ము దీనికి అదనం.

ఇక చట్టం దగ్గరికి వద్దాం. కెనెడీ సోదరుల, మార్టిన్ లూథర్ కింగ్ హత్యల నేపథ్యంలో 1968లో అమెరికా తుపాకుల నియంత్రణ చట్టం చేసింది. విదేశాల నుంచి వచ్చే చిన్న పిస్తోళ్లకు అడ్డుకట్ట పడింది. జర్మనీ వాల్తర్ కంపెనీ పీపీకే పిస్తోలు ఆ కొలతల్లో నెగ్గలేదు. దానికంటే కాస్త పెద్దదైన పీపీ చట్రానికి పీపీకే పైభాగం తగిలించి పీపీకే/ఎస్ అని పంపించారు. దిగుమతుల మీద పెట్టిన కొలత దేశంలో తయారయ్యేవాటికి వర్తించలేదు. ఆ ఖాళీలోకి లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కల వెలిసిన కంపెనీలు దూరాయి. రేవెన్, జెన్నింగ్స్, డేవిస్, లోర్సిన్, బ్రైకో లాంటి ఆ కంపెనీలకు రింగ్ ఆఫ్ ఫైర్ అని పేరు పడింది. జింకు మిశ్రమాన్ని అచ్చుల్లో పోసి చేసిన పిస్తోళ్లు అవి. పేదవాడు కొనగలిగిన ధర, దానికి తగ్గ పనితనం.

వాటిలో బ్రైకో కథ ఇక్కడ చెప్పుకోవలసిందే. 1994లో కాలిఫోర్నియాలో ఒక పిస్తోలులోంచి తూటాలు తీసేస్తుండగా అది పేలి ఒక చిన్న పిల్లవాడు జీవితాంతం మంచానపడ్డాడు. తూటా తీయాలంటే ముందు, పొరపాటున పేలకుండా ఆపే సేఫ్టీ మీటను వదలాల్సిందే, దాని అమరిక అలాంటిది. తూటాలు ఇరుక్కునే లోపాన్ని కప్పిపుచ్చడానికే అలా మార్చారని పిల్లవాడి తరఫు న్యాయవాదులు వాదించారు. 2003లో జ్యూరీ భారీ పరిహారం విధించింది, కంపెనీ దివాలా తీసింది. అవసరమైనప్పుడు పేలడం, అక్కరలేనప్పుడు పేలకపోవడం అనే రెండు గుణాలనూ మనం విడివిడిగా లెక్కేస్తాం. ఆ కేసులో ఒకదాని లోపం రెండోదాని లోపానికి దారితీసిందన్నదే వాదన.

ఆ తీర్పు కోర్టు నుంచి రావడం యాదృచ్ఛికం కాదు. 1972లో వినియోగ వస్తువుల భద్రతా చట్టం చేసినప్పుడే తుపాకులను దాని పరిధి నుంచి తప్పించారు. టోస్టర్లను వెనక్కి రప్పించే ఆ ప్రభుత్వ సంస్థ తూటాల మీదుగా దొడ్డిదారిన రాకుండా 1976లో ఆ తలుపు కూడా మూశారు. తుపాకిలో లోపం ఉంటే దాన్ని వెనక్కి పిలవాలా వద్దా అన్నది తయారుచేసినవాడి ఇష్టం, లేదా కోర్టుకెక్కిన బాధితుడి ఓపిక. తుపాకి యజమానుల హక్కుల కోసం పోరాడిన వర్గం దీన్ని తన విజయంగా చెప్పుకుంటుంది. ఆ విజయపు ఖర్చు పడింది మాత్రం ఆ యజమానుల మీదే.

1980ల దాకా ఇది కొద్దిమంది సమస్య. 1987లో ఫ్లోరిడా, అర్హతలున్న ప్రతివారికీ రహస్యంగా ఆయుధం మోసే అనుమతి ఇవ్వాలని చట్టం చేసింది. మిగతా రాష్ట్రాలు ఒక్కొక్కటే ఆ దారి పట్టాయి. అనుమతి ఇవ్వని చివరి రాష్ట్రంగా మిగిలిన ఇల్లినాయి 2013లో కోర్టు ఆదేశంతో దిగివచ్చింది. 2022 జూన్‌లో సుప్రీంకోర్టు బ్రూయెన్ తీర్పుతో, ప్రత్యేక కారణం చూపితేనే అనుమతిస్తామన్న న్యూయార్క్ తరహా నిబంధనలు కొట్టుకుపోయాయి. 1994లో మరో చట్టం కొత్త మేగజైన్లకు పది తూటాల హద్దు పెట్టింది. ఎలాగూ పదే అయినప్పుడు పెద్ద పిస్తోలు మోయడం దేనికని కొనేవాళ్లు అనుకున్నారు. గ్లాక్ తన పిస్తోలును కుదించి గ్లాక్ 26 తెచ్చింది. ఆయుధాల సామర్థ్యం తగ్గించాలని చేసిన చట్టం, దాచుకోదగ్గ ఆయుధాలకు బజారు తెరిచింది. చట్టం చేసినవాళ్లు అనుకున్నది ఇది కాదు.

2004లో ఆ హద్దు తొలగిపోయినా చిన్నవాటి మోజు పోలేదు, వాటితోపాటు వెనక్కి పిలిచే ప్రకటనలూ పెరిగాయి. పావు కిలో కాస్త మించిన రూగర్ ఎల్‌సీపీ 2008లో వచ్చింది. కిందపడితే పేలే ప్రమాదముందని అదే ఏడాది అక్టోబరులో వెనక్కి పిలిచారు. 2013లో స్ప్రింగ్‌ఫీల్డ్ ఎక్స్‌డీ-ఎస్ వంతు, స్మిత్ అండ్ వెసన్ షీల్డ్ వంతు వచ్చాయి. 2014లో రెమింగ్టన్ ఆర్51 ఆర్భాటంగా విడుదలై కొద్ది నెలలకే మూలపడింది. బ్రెజిల్ కంపెనీ టారస్ తొమ్మిది మోడళ్ల మీద అమెరికాలో పడ్డ దావాను తప్పు ఒప్పుకోకుండానే రాజీ చేసుకుంది. అయోవాలో ఒక డిప్యూటీ షెరీఫ్ నిందితుణ్ని తరుముతుండగా పిస్తోలు జారిపడి పేలడం ఆ దావాకు మూలం. రాజీ పరిధిలోకి వచ్చిన పిస్తోళ్లు దాదాపు పది లక్షలు.

2018లో సిగ్ సావర్ పీ365 వచ్చింది. అరకిలో బరువు, అంగుళం మందం, అయినా మేగజైన్‌లో పది 9 ఎంఎం తూటాలు. రెండు వరసల్లో మొదలై పైకి వచ్చేసరికి ఒక్క వరసగా సన్నబడే మేగజైన్ అందులోని కిటుకు. బ్రౌనింగ్ వదిలేసిన బలం చివరికి జేబులోకి వచ్చింది. తొలి విడత కొన్నవాళ్లు మాత్రం ఫైరింగ్ పిన్ కొసలు విరిగాయని, స్ప్రింగులు పాడయ్యాయని గగ్గోలు పెట్టారు. కంపెనీ భాగాలు మార్చింది, తర్వాతివి మెరుగయ్యాయి. మొదటి ఏడాది మోడల్ కొనవద్దన్న సామెత లాంటి మాట ఇలాంటి అనుభవాల నుంచే పుట్టింది.

అదే సిగ్ సావర్ చేసిన, అమెరికా సైన్యం 2017లో ఎంచుకున్న పీ320 కథ ఇంకా తెగలేదు. ఒక ప్రత్యేక కోణంలో కిందపడితే అది పేలుతుందని ఆ ఏడాదే తేలింది. కంపెనీ దాన్ని రీకాల్ అనలేదు, స్వచ్ఛంద అప్‌గ్రేడ్ అంది. ఆ తర్వాత కూడా ట్రిగ్గర్ నొక్కకుండానే పేలిందన్న ఆరోపణలపై 2024లో జార్జియాలోనూ ఫిలడెల్ఫియాలోనూ జ్యూరీలు బాధితుల పక్షాన తీర్పు చెప్పాయి. పిస్తోలు సురక్షితమేనన్నది కంపెనీ వాదన.

నాకు ఇంతకంటే ఆసక్తిగా అనిపించేది సైన్యం చేసిన ఇంకో లెక్క. రెండు ఆటంకాల మధ్య సగటున 2,000 తూటాలు పేలాలని వాళ్లు కోరారు. పీ320 సైన్యపు రకాల్లో చిన్న సైజుదైన ఎక్స్‌ఎం18, తగలగానే కొన చీలే ప్రత్యేక తూటాలతో 950 దాకా వచ్చింది, మామూలు గుండు తూటాలతో 197 దగ్గరే ఆగింది. వాటిలో చాలావరకు ఆఖరి తూటా తర్వాత స్లైడు వెనక నిలవకపోవడం లాంటి చిన్న ఆటంకాలే. అయినా 197 అన్న అంకెను రేంజిలో చెప్పే 200 పక్కన పెట్టి చూడండి.

పౌరుల పిస్తోళ్లను పరీక్షించే పని కొన్ని రాష్ట్రాలు తలకెత్తుకున్నాయి. కాలిఫోర్నియా 2001 నుంచి కొత్త మోడల్‌ను 600 తూటాలు కాల్చి చూస్తుంది. మొదటి ఇరవైలో ఒక్క ఆటంకమూ ఉండకూడదు, మొత్తం మీద ఆరుకు మించకూడదు. అంటే నూటికి ఒకటి అనుమతే. ఆ పాళ్లలో పదకొండు తూటాలు వరసగా కాల్చితే ఎక్కడో ఒకచోట ఇరుక్కునే అవకాశం పదింట ఒకటి.

డాలస్‌లోనో అట్లాంటాలోనో ఉండే మనవాళ్లకు ఈ లెక్కకు ముందు ఇంకో గడప ఉంది. హెచ్-1బీ, ఎఫ్-1 వంటి తాత్కాలిక వీసాలపై ఉన్నవారు తుపాకి దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్సు వంటి కొద్దిపాటి మినహాయింపులే ఉన్నాయి. గ్రీన్‌కార్డు వచ్చాకే ఆ దుకాణం మెట్లు ఎక్కగలరు. ఎక్కినవారు వినేదీ ఆ 200 సలహానే. ఆత్మరక్షణ కోసం మోసే కొన చీలే తూటాలు ఖరీదైనవి కనుక, చాలామంది ఆ పరీక్షను చవకైన గుండు తూటాలతో ముగించి, ఇంటికి వచ్చాక మేగజైన్‌లో రెండో రకం నింపుకుంటారు.